తిరుపతిలో ఫిగర్ స్కేటింగ్: సింగిల్స్ గట్టిపడ్డాకే పెయిర్స్

తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఫిగర్ స్కేటింగ్ అంటే నాలుగు చక్రాల క్వాడ్ స్కేట్ల మీద చేసేదే. పోటీల్లో దీన్ని ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. ఐసు మీద ఉండే జంపులు, స్పిన్నులు, ఎడ్జిలే (స్కేటును లోపలికో బయటికో వాల్చి వంపుగా పోవడం) ఇక్కడా ఉంటాయి. సింగిల్స్, పెయిర్స్ విభాగాలూ ఉంటాయి. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు స్కేటర్ అనూప్ కుమార్ యామ పురుషుల సింగిల్స్‌లో కాంస్యం గెలిచారు. అవే క్రీడల్లో అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఇంకో కాంస్యం తెచ్చారు. 2015లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. పెయిర్స్‌లోకి పోవాలనుకునే పిల్లలు ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. జంటలో ఇద్దరికీ విడివిడిగా సింగిల్స్ రావాలి. ఒకరికి రాని జంపు ఇంకొకరి చెయ్యి పట్టుకున్నంత మాత్రాన రాదు.

షూ, ప్లేట్, చక్రాలు

తల్లిదండ్రులు ఎక్కువగా చేసే తప్పు, "ఎదిగే పిల్ల కదా" అని ఒక సైజు పెద్దది కొనడం. స్కూలు బూట్లకైతే ఆ లెక్క సరిపోతుంది. స్కేటు షూ వదులైతే మడమ లోపల లేస్తుంది. మడమ లేస్తే ఎడ్జి నిలవదు, చీలమండ లోపలికి వాలుతుంది, ఆ వాలుడే అలవాటైపోతుంది. షూ వేసుకుని నిలబడ్డప్పుడు బొటనవేలు ముందు భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాలు వంచగానే వేలు కొంచెం వెనక్కి జరగాలి. మడమ మాత్రం కదలకూడదు. ఎదుగుదల కోసం వదలాల్సింది ఐదారు మిల్లీమీటర్లే. లేసులు వేళ్ల దగ్గర కాస్త వదులుగా, పాదం పైభాగంలో గట్టిగా, అన్నిటికన్నా పై కొక్కేల దగ్గర మళ్లీ ఒక పిసరు వదులుగా కట్టాలి. పైన బిగించేస్తే చీలమండ ముందుకు వంగదు. అది వంగకపోతే మోకాలూ వంగదు. అప్పుడు దిగిన ప్రతి జంపూ నేరుగా నడుముకు తగులుతుంది.

షూ కింద ప్లేటు, ప్లేటుకు ముందొకటి వెనకొకటి ట్రక్కులు (చక్రాల ఇరుసును పట్టి ఉంచే భాగాలు), ట్రక్కు మధ్యలో రబ్బరు కుషన్లు ఉంటాయి. స్కేటు ఎడ్జి మీదికి వాలేది ఈ కుషన్లు నలగడం వల్లే. ఇరవై కిలోల పాపకు గట్టి కుషన్లు వేసి పూర్తిగా బిగిస్తే స్కేటు రైలుబండిలా నేరుగా పోతుంది తప్ప తిరగదు. మరీ వదులు చేస్తే గడగడలాడుతుంది. కొత్తలో మధ్యస్థంగా పెట్టి, వృత్తాలు మొదలయ్యాక వారానికి ఎనిమిదో వంతు చుట్టు చొప్పున వదులు చెయ్యండి. రెండు కాళ్లకూ సమానంగా చెయ్యాలి. ఎన్ని చుట్లు తిప్పారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

ఎనిమిది చక్రాలు, ఒక్కో చక్రానికి రెండు చొప్పున పదహారు బేరింగులు ఉంటాయి. చక్రం గట్టిదనం దాని మీద అంకెలో ఉంటుంది. ఒకే కొలమానంలో అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది, పట్టు తక్కువ, జారుడు ఎక్కువ. గరుకు కాంక్రీటు మీద మెత్తని చక్రం వెయ్యాలి. పాలిష్ చేసిన మొజాయిక్ మీద గట్టి చక్రాలతో స్పిన్ను బాగా వస్తుంది. విట్రిఫైడ్ టైల్సు మీద మాత్రం గట్టి చక్రం పనికిరాదు, క్రాసోవర్ (ఒక కాలిని ఇంకో కాలి మీదుగా దాటించే అడుగు) వేసిన మొదటి మలుపులోనే కాలు జారుతుంది. కొత్త బేరింగులు కొనేముందు మీ యాక్సిల్ (చక్రం ఇరుసు) ఏడు మిల్లీమీటర్లదా ఎనిమిదిదా చూసుకోండి. ఒకదానివి ఇంకొకదానికి సరిపోవు. చక్రం నట్టు పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. చక్రాన్ని పక్కకు కదిలిస్తే వెంట్రుకవాసి ఆట ఉండాలి, తిప్పితే ఆగకుండా తిరగాలి.

ముందు ఉండే టో స్టాపర్ కొత్త పిల్లలకు బ్రేకు, జంపులు నేర్చుకునే వారికి గాల్లోకి లేవడానికి ఊతం. మరీ కిందికి దించితే వెనక్కి పోయేటప్పుడు నేలకు తగిలి పడతారు. మరీ పైకి ఎత్తితే అది నేలకు అందేలోగా ఒళ్లంతా ముందుకు వంగిపోతుంది, జంపు ఎత్తు పోతుంది. ప్రాక్టీసుకు ముందు దాని బిగింపు నట్టును చేత్తో ఒకసారి కదిపి చూడటం మరిచిపోకండి. స్టాపర్ గుచ్చి లేచే ఫ్లిప్ జంపులో అది ఊడి వచ్చిందంటే తగిలే దెబ్బ మామూలుగా ఉండదు.

ఎక్కడ, ఎప్పుడు

రింకు దొరికితే రింకే. దొరకని రోజుల్లో స్కూళ్ల బాస్కెట్‌బాల్ కోర్టులు, ముహూర్తాలు లేని రోజుల్లో కల్యాణ మండపాలు వాడుకోవచ్చు. అలిపిరి బైపాస్, కపిలతీర్థం రోడ్డు ఎంత నున్నగా కనిపించినా యాత్రికుల బండ్లు తిరిగే దారులు. పిల్లలను అటు తీసుకుపోకండి.

మిద్దె మీద ప్రాక్టీసు గురించి ఒక మాట. వాన నీరు పోవడానికి మిద్దెకు వాటం ఇస్తారు. కంటికి చదునుగా ఉన్నా చక్రానికి అది తెలిసిపోతుంది. స్పిన్ను తిరుగుతున్న పాప మెల్లగా తూము వైపు జరుగుతుంది. "సెంటర్ నిలపడం లేదు" అని పాపను కోప్పడతారు, తప్పేమో మిద్దెది. ఒక గోళీని నేల మీద వదిలి చూడండి. దానంతట అది దొర్లితే అక్కడ స్పిన్నులు వద్దు, ఎడ్జిలకు మాత్రం వాడుకోండి. పిట్టగోడ పక్కన జంపులు అసలే వద్దు.

ఎండాకాలంలో పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర లోపు ముగించాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదుకు కూడా కాంక్రీటు కాగుతూనే ఉంటుంది. పడితే అరచేతికి గీరుడుతో పాటు కాలుడూ తగులుతుంది. మన జిల్లాలకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలకు కప్పు ఉన్న చోటు ముందే మాట్లాడి పెట్టుకోకపోతే ఏడాది పొడవునా నేర్చుకున్న ఎడ్జి జారిపోతుంది. తడిసిన రోజు ఇంటికి రాగానే చక్రాలు విప్పి, గుడ్డతో తుడిచి, బేరింగులు ఆరబెట్టి, ఒక్కోదానికి ఒక చుక్క కుట్టుమిషను నూనె వెయ్యండి. కొబ్బరినూనె వెయ్యకండి. అది దుమ్మును పట్టుకుని జిగురులా గట్టిపడుతుంది.

సుద్దముక్క, మూడు మీటర్ల తాడు

మొదటి రెండు మూడు నెలలు నిలబడటం, పడటం, ఆగడం. పడేటప్పుడు వెనక్కి కూలబడకుండా మోకాళ్లు వంచి పక్క తుంటి మీదికి వాలాలి, వేళ్లు ముడిచి పెట్టుకోవాలి. హెల్మెట్టు, మోకాలి, మోచేతి, మణికట్టు ప్యాడ్లు తప్పనిసరి. ఈ దశను సాగదీయాల్సిన పని లేదు, దాటించేయాల్సిన పనీ లేదు.

అసలు చదువు వృత్తాలతో మొదలవుతుంది. సాగని నైలాన్ తాడు మూడు మీటర్లు తీసుకోండి. ఒక కొసను నేల మీద ఒకరు బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి, రెండో కొసకు సుద్దముక్క కట్టి చుట్టూ తిప్పాలి. ఆరు మీటర్ల వ్యాసం ఉన్న వృత్తం వస్తుంది. దాన్ని తాకుతూ పక్కనే రెండోది గియ్యండి. ఎనిమిది అంకె తయారవుతుంది. చిన్నపిల్లలకు ఐదు మీటర్ల వ్యాసం చాలు. గీతకు సుద్ద మాత్రమే వాడాలి. ఇంట్లో ఉంది కదా అని ముగ్గుపిండి పోస్తే చక్రం దాని మీద జారుతుంది, పిండి బేరింగుల్లోకి పోతుంది.

ఈ ఎనిమిది మీద నాలుగు ఎడ్జిలు నేర్చుకోవాలి: ముందుకు బయటి ఎడ్జి, ముందుకు లోపలి ఎడ్జి, వెనక్కి బయటిది, వెనక్కి లోపలిది. ఒక్క తోపుతో ఒక వృత్తం మొత్తం ఒంటికాలి మీద తిరిగి రావాలి. వృత్తం సగంలోకి వచ్చేసరికి గాల్లో ఉన్న కాలు వెనక నుంచి ముందుకు నిదానంగా దాటాలి, భుజాలు కూడా దానితో పాటే తిరగాలి. చాలామంది మొదటి పావులోనే కాలు దాటించేస్తారు. అప్పుడు ఊపు అక్కడే ఖర్చయిపోయి, మిగతా ముప్పావు వృత్తం పెద్దదవుతూ గీత బయటికి పోతారు. గీత మీద ఏ చోట బయటికి పోయిందో అక్కడ సుద్దతో చిన్న అడ్డగీత పెట్టండి. పది ప్రయత్నాల్లో అడ్డగీతలన్నీ ఒకే చోట పడితే తప్పు భుజంలోనో, కాలు దాటించే వేళలోనో ఉన్నట్టు. చెల్లాచెదురుగా పడితే మోకాలు నిలవడం లేదని అర్థం.

ఇది విసుగు పుట్టించే పనే. పక్కన స్పీడ్ స్కేటింగ్ పిల్లలు రయ్యిమని పోతుంటే మన పాప ఒంటికాలి మీద గీత పట్టుకుని తిరుగుతుంటుంది. అయినా వెనక్కి బయటి ఎడ్జి మీద వృత్తం నిలపలేని పిల్ల ఏ జంపునూ దిగలేదు, ఎందుకంటే జంపులన్నీ దిగేది దాదాపు ఆ ఎడ్జి మీదే.

జంపుల వరుస

ముందు పాప ఏ వైపు తిరుగుతుందో తేల్చాలి. కాన్వాసు బూట్లతో నిలబెట్టి, వైపు చెప్పకుండా, "ఎగిరి ఒక చుట్టు తిరుగమ్మా" అనండి. రెండు మూడు రోజులు, రోజుకు నాలుగైదుసార్లు. గుళ్లో ప్రదక్షిణ చేసే దిశకు ఎదురుగా, ఎడమవైపుకు తిరిగేవాళ్లే ఎక్కువ. వీళ్లు కుడికాలి మీద దిగుతారు. కొందరు ప్రదక్షిణ దిశలోనే తిరుగుతారు. వాళ్లను బలవంతంగా మార్చకండి.

ఎడమకు తిరిగేవాళ్లకు వరుస ఇది. మొదట వాల్ట్జ్ జంపు: ఎడమకాలి ముందు బయటి ఎడ్జి నుంచి లేచి అర చుట్టు. తర్వాత సాల్కౌ, ఎడమ వెనక లోపలి ఎడ్జి నుంచి. టో లూప్ కుడి వెనక బయటి ఎడ్జి నుంచి, ఎడమ స్టాపర్ ఊతంతో. ఫ్లిప్ ఎడమ వెనక లోపలి ఎడ్జి, కుడి స్టాపర్. లూప్‌కు స్టాపర్ ఉండదు, కుడి వెనక బయటి ఎడ్జే లేపాలి. లట్జ్ ఎడమ వెనక బయటి ఎడ్జి, కుడి స్టాపర్. చివరికి ఆక్సెల్: ముందుకు చూస్తూ లేచి ఒకటిన్నర చుట్లు.

లట్జ్‌లో దొర్లే తప్పు దూరం నుంచి కనపడదు. నేల దగ్గర కూర్చుని ఎడమ చక్రాలనే చూడండి. స్టాపర్ గుచ్చే క్షణానికి ముందు కాలు లోపలికి వాలిపోతే అది లట్జ్ కాదు, ఫ్లిప్. భుజం ముందే తిరిగిపోవడమే కారణం. దాన్ని సరిచెయ్యడానికి జంపు ఆపేసి, అదే బయటి ఎడ్జి మీద ఎనిమిది లెక్కపెట్టే దాకా పోనిచ్చి, స్టాపర్ ఆనించి, గాల్లోకి లేవకుండా అక్కడే ఆపమనండి. వారం రోజులు ఇంతే.

ఆక్సెల్ రాకపోవడానికి సాధారణంగా రెండే కారణాలు. ఒకటి, గాల్లోకి లేవకముందే చుట్టు మొదలుపెట్టడం. రెండు, వెనకనున్న కాలు మోకాలితో పైకి రాకుండా పక్క నుంచి తిరిగి రావడం. వాల్ట్జ్ జంపు ఎత్తుగా, దిగాక మూడు సెకన్లు కదలకుండా వచ్చాకే ఆక్సెల్ ముట్టుకోవాలి. పదేళ్ల లోపు పిల్లలకు రోజుకు ముప్పై జంపులు మించనివ్వకండి. మడమ వెనక, మోకాలి చిప్ప కింద నొప్పి అంటే ఆ రోజుకు జంపులు ఆపి వృత్తాలు చేయించండి. నొప్పి వారం దాటితే ఎముకల డాక్టరుకు చూపించాలి.

కాళ్ల బలానికి మెట్లు ఎక్కిద్దామని మన ఊళ్లో చాలామందికి తోచే మాట. అలిపిరి దారిలో మూడు వేల ఐదు వందల పైచిలుకు మెట్లున్నాయి. ఎక్కడం మంచిదే, దిగడమే మోకాలికి చేటు. జంపుల వారంలో ఎక్కించి, కొండ మీది నుంచి బస్సులో దించండి.

స్పిన్నులు నిటారు, కూర్చుని, క్యామెల్ (ఒంటికాలి మీద, రెండో కాలు వెనక్కి నేలకు సమాంతరంగా చాచి) అనే వరుసలో. స్పిన్ను జరిగిపోతుంటే తిరగడంలో లోపం వెతక్కండి, అందులోకి దిగే ఎడ్జిలో వెతకండి. స్పిన్నులోకి దిగే మలుపు పూర్తి కాకముందే చేతులు దగ్గరికి లాక్కుంటే ఏ స్పిన్నూ ఒకచోట నిలవదు.

జంట కట్టడం

ఇద్దరికీ ఆక్సెల్, క్యామెల్ స్పిన్ను వచ్చాక పెయిర్స్ మొదలుపెట్టండి. జంట కుదిర్చేటప్పుడు ముందు చూడాల్సింది తిరిగే దిశ, తర్వాత తోపు పొడవు, ఆ తర్వాతే ఎత్తు, బరువు. దిశలు వేరైనా గొప్ప జంటలు లేకపోలేదు. ఐసు మీద క్రిస్టీ యమగూచీ, రూడీ గలిండో ఎదురెదురు దిశల్లో తిరుగుతూనే 1989, 1990ల్లో అమెరికా పెయిర్స్ టైటిల్ గెలిచారు. ఇద్దరూ సింగిల్స్‌లో ఆరితేరినవాళ్లు: యమగూచీ 1992లో సింగిల్స్‌లో ఒలింపిక్ స్వర్ణం, గలిండో 1996లో అమెరికా పురుషుల టైటిల్ గెలిచారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఒకే దిశ వాళ్లను చూసుకోవడమే మేలు.

మొదటి నెల ఎత్తడాలు లేవు. చేతులు పట్టుకుని రింకు చుట్టూ రోజుకు ఎనిమిది రౌండ్లు, ఒకరు పైకి లెక్కపెడుతూ. ఇద్దరి మోకాళ్లూ ఒకే అంకెకు వంగాలి. తర్వాత చేతులు వదిలి, మధ్యలో ఒకటిన్నర మీటరు ఎడంతో అవే రౌండ్లు. మలుపుల్లో ఈ ఎడం పెరుగుతుంటే బయటివైపున్నవారు తోపు పెంచాలి, లోపలివారు ఆగకుండా ఎడ్జిని లోతు చెయ్యాలి. పక్కపక్కనే చేసే జంపుకు సంకేతం ఒకరే ఇవ్వాలి, ప్రతిసారీ వాళ్లే ఇవ్వాలి. పక్కపక్క స్పిన్నులో భంగిమ మార్చేటప్పుడు కూడా ఒకే గొంతు వినిపించాలి. ఇద్దరి చక్రాలూ ఒకే గట్టిదనంవి ఉండాలి. లేకపోతే ఎంత సాధన చేసినా ఒకరు ముందుకు పోతూనే ఉంటారు.

డెత్ స్పైరల్‌లో అబ్బాయి స్టాపర్ మీద ఒకచోట నిలబడి తిరుగుతాడు. అమ్మాయి ఒక ఎడ్జి మీద, ఒంటిచేతి పట్టుతో, నేలకు దగ్గరగా అతని చుట్టూ తిరుగుతుంది. అమ్మాయి బరువును ఎడ్జి మొయ్యాలి, అబ్బాయి చెయ్యి కాదు. అతని భుజం నొప్పి పుడుతుంటే ఆమె ఎడ్జి చదునైపోతోందన్నమాట. మొదట ఆమె తల అతని నడుము ఎత్తులో ఉండేలా చేసి, ఎడ్జి నిలిచాక వారానికి కొంచెం కొంచెంగా దిగాలి.

ఎత్తడాలకు తొందరపడకూడదు. మొదట చాప మీద, కాన్వాసు బూట్లతో, కోచ్ పక్కన నిలబడి ఉండగా. తర్వాత స్కేట్లతో, కదలకుండా. ఆ తర్వాతే కదులుతూ. నడుము ఎత్తు దాకా వచ్చే లిఫ్టు పదికి పదిసార్లు వణుకు లేకుండా వచ్చాకే తల ఎత్తు దాటే లిఫ్టులకు పోవాలి. అమ్మాయి మోకాళ్లు వంచి తనే పైకి ఎగరాలి. ఆ ఎగురుడుకు అబ్బాయి కాళ్ల బలం తోడు కావాలి. అతను వీపు వంచి చేతులతో లేపుతున్నాడంటే అది నడుం నొప్పికి దారి. పైన ఉన్నంతసేపూ ఆమె పొట్ట బిగించి పట్టాలి. ఒళ్లు వదిలేస్తే ముప్పై ఐదు కిలోలు కూడా మూటలా బరువెక్కుతాయి. భయం వేస్తే ఆమె అనాల్సిన మాట ముందే ఒకటి అనుకోవాలి. "దించన్నా" అంటే మరుక్షణం దించాలి. ఎందుకని ఆ తర్వాత అడగొచ్చు.

పట్టు జారడానికి మన దగ్గర రెండు కారణాలున్నాయి: చెమట, నూనె. పొద్దున తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతో పట్టుకుంటే సబ్బుతో కడిగినా కాసేపు జారుడు పోదు. ప్రాక్టీసు రోజుల్లో నూనె రాత్రికి పెట్టుకోండి. ఇద్దరి దగ్గరా చిన్న టవలు ఉండాలి, ప్రతి లిఫ్టుకు ముందు చేతులు తుడుచుకోవాలి. గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు, జుట్టులో పిన్నులు తీసేయాలి.

థ్రో జంపు అంటే అబ్బాయి విసిరితే అమ్మాయి ఎగరడమని పొరపాటు పడతారు. జంపు ఆమెదే, అతను ఎత్తునీ దూరాన్నీ మాత్రం కలుపుతాడు. సొంతంగా పదిలో ఎనిమిది ఆక్సెళ్లు దిగే అమ్మాయికే థ్రో ఆక్సెల్.

రెండూ సాగించడం

వారంలో ఆరు రోజులుంటే నాలుగు సింగిల్స్‌కు, రెండు పెయిర్స్‌కు. పోటీకి ఆరు వారాల ముందు మూడు, మూడు. ఒకే పూట రెండూ ఉంటే లిఫ్టులు ముందు పెట్టాలి, అలసిన కాళ్లతో ఎత్తకూడదు. జంట విడిపోవడం ఈ ఆటలో మామూలే. ఒకరు ఎత్తు పెరుగుతారు, ఒకరు ఇంటర్‌కు వేరే ఊరు పోతారు. సింగిల్స్ వదలని పిల్లలకు ఆ రోజు ఏమీ కోల్పోయినట్టు ఉండదు.

పోటీలు జిల్లా, రాష్ట్రం, జాతీయం అనే వరుసలో నడుస్తాయి. వయసు విభాగాలు, ఎంత ఎత్తు లిఫ్టులకు అనుమతి ఉంది అనేవి ఆ ఏడాది సర్క్యులర్ చూసే ప్రోగ్రాం తయారు చెయ్యాలి. రోల్‌ఆర్ట్ అనే మార్కుల పద్ధతిలో ప్రతి ఎలిమెంటుకు (జంపు, స్పిన్ను లాంటి ఒక్కో అంశానికి) ఒక మూల విలువ ఉంటుంది. చేసిన తీరును బట్టి జడ్జీలు మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా ఇస్తారు. చుట్టు తక్కువైన డబుల్ (రెండు చుట్ల) జంపు కన్నా శుభ్రమైన సింగిల్ (ఒక చుట్టు) జంపు చాలాసార్లు లాభం. ప్రోగ్రాంలో పదికి ఏడుసార్లు రాని జంపు పెట్టకండి. పాట కోసం పడే తాపత్రయంలో సగం రింకులో మలుపుల లెక్కకు పెట్టినా చాలు.

ఐసు మీదికి పోవాలనే కోరిక ఉన్నవాళ్లకు దారి ఉంది, దగ్గర మాత్రం కాదు. దేహ్రాదూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన ఇన్‌డోర్ రింకు ఉంది. అంతర్జాతీయ సీనియర్ పోటీలకు కనీస వయసు 2024-25 సీజన్ నుంచి 17 ఏళ్లు, కాబట్టి తొందర పడక్కర్లేదు. ఐసు స్కేటర్ డీనా స్టెలాటో-డ్యూడెక్ టీనేజీలో గాయాలతో సింగిల్స్ మానేసి, పదహారేళ్ల తర్వాత తిరిగొచ్చి, మాక్సిమ్ డెషాంతో కలిసి 2024లో ప్రపంచ పెయిర్స్ టైటిల్ గెలిచినప్పుడు ఆమె వయసు 40.

క్వాడ్ నుంచి బ్లేడు మీదికి మారేవాళ్లు మొదట తడబడేది బ్లేడు ముందున్న పళ్ల దగ్గర. స్టాపర్ అలవాటుతో బరువు ముందుకు వేస్తే పళ్లు గుచ్చుకుని బోర్లా పడతారు. అందుకని మొదటి వారం జంపులు వద్దు. బరువు పాదం మధ్యకు కాస్త వెనగ్గా ఉంచి, ఇక్కడ సుద్దతో గీసి నేర్చుకున్న ఎనిమిదినే ఐసు మీద బ్లేడుతో గియ్యండి. గీత ఐసు మీదే మిగిలి ఉంటుంది. వంగి చూస్తే ఎడ్జి ఎక్కడ చదునైందో అక్కడ ఒక గీత బదులు రెండు కనపడతాయి.